లిఫ్టాయన వెతికిన గది

ఉమ్రా యాత్రకి వెళ్ళేవాళ్ళు హోటలు వెతుక్కునేటప్పుడు మసీదు ఎంత దూరమని అడుగుతారు, తిండి ఎలా ఉంటుందని అడుగుతారు, కాస్త నోరున్నవాళ్ళయితే బాత్‌రూములో వేడినీళ్ళు వస్తాయా అని కూడా అడుగుతారు. "మీ లిఫ్టు తలుపు తెరుచుకున్నాక ఎన్ని సెకన్లు ఆగుతుందండీ?" అని అడిగిన మనిషి మాత్రం ఈ భూమ్మీద ఒక్కడే ఉండి ఉంటాడు. ఆయన ఇరవై రెండేళ్ళుగా లిఫ్టులు బాగుచేస్తున్నాడు. కాలనీలో చిన్నా పెద్దా అందరూ లిఫ్టాయనే అంటారు. కోపం వచ్చినప్పుడు భార్య కూడా అదే మాట అంటుంది.

పనిలో ఆయనకి వంక పెట్టడానికి లేదు. మనిషిలోనే ఒక మెలిక ఉంది. ఎవరినీ ఏదీ అడగడు. అవసరమైతే ఎదుటివాడి పని నాలుగు గంటలు చేసిపెట్టి, వాడంతట వాడు "నీకేమైనా కావాలా" అనేదాకా కాచుకుని కూర్చుంటాడు. అడగడమంటే తల తీసి ఇచ్చినట్టే ఆయన లెక్కలో. హోటలు వాళ్ళని లిఫ్టుల గురించి అన్నిసార్లు అడిగాడంటే అది అక్క కోసం కాబట్టి.

అక్క అంటే మామూలు అక్క కాదు. తల్లి పోయేనాటికి లిఫ్టాయనకి నాలుగేళ్ళు, అక్కకి ఇరవై. అప్పటినుంచీ తల్లీ ఆవిడే, తండ్రీ ఆవిడే. ఒక హాస్టలు వంటగదిలో ముప్ఫై ఒక్క ఏళ్ళు పొయ్యి ముందు నిలబడింది. ఆ జీతంతోనే తమ్ముణ్ణి చదివించింది, చేతికి పని నేర్పించింది, పెళ్ళి చేసింది. ఆ నిలబడటమే ఆవిడ మోకాళ్ళని తినేసింది. ఇప్పుడు కూర్చుంటే లేవడానికి గోడ కావాలి, నిలబడితే కూర్చోడానికి కుర్చీ కావాలి.

ఆవిడ జీవితంలో కోరిక అనేది ఒక్కటే కోరింది. ఉమ్రాకి వెళ్ళి, అక్కడ ఎన్ని రోజులుంటే అన్ని రోజులూ, అయిదు పూటల నమాజూ కాబా ఉన్న ఆ పెద్ద మసీదులోనే చెయ్యాలి. నడిచి వెళ్ళాలి, నడిచి రావాలి.

"వీల్‌చెయిరు దొరుకుతుందక్కా అక్కడ. తోసేవాళ్ళు కూడా ఉంటారు," అన్నాడు లిఫ్టాయన.

"ముప్ఫై ఏళ్ళు హాస్టలు పిల్లలకి నిలబడి వండానురా. అల్లా ఇంటికి వెళ్ళి కూర్చోమంటావా?" అంది. ఆ తర్వాత ఆ ప్రస్తావన ఎత్తే ధైర్యం ఎవరికీ లేకపోయింది.

అందుకని హోటలు దగ్గర గొడవ మొదలైంది. ట్రావెల్ ఏజెంటు రెండు హోటళ్ళ కాగితాలు ఇచ్చాడు. ముందుగదిలో పంచాయితీకి లిఫ్టాయన భార్య వాళ్ళ అన్నయ్య వచ్చాడు. ఆయనకి చెప్పుల షాపుంది. అంతకంటే ముఖ్యంగా, ఆయన హజ్‌కి రెండుసార్లు వెళ్ళొచ్చాడు. ఆ సంగతి తెలియనివాళ్ళు ఎవరైనా మిగిలి ఉంటే అది ఆయన తప్పు కాదు. హాజీ బావ అనకపోతే పలకడు.

"ఇదిగో, ఈ టవరు తీసుకో. మసీదుకి రెండొందల మీటర్లు. ఇరవై ఎనిమిది అంతస్తులు. కిటికీ తీస్తే మసీదు కనిపించాలి బావా, అదీ గది అంటే," అన్నాడు హాజీ బావ.

"ఎన్ని లిఫ్టులు?"

"ఏమిటీ?"

"ఇరవై ఎనిమిది అంతస్తులకీ ఎన్ని లిఫ్టులు?"

ఏజెంటుకి ఫోను చేస్తే నాలుగని తేలింది. లిఫ్టాయన ఆ కాగితం వెనక్కి తిప్పి పెన్సిలు తీశాడు. అంతస్తుకి పదహారు గదులు, గదికి ముగ్గురు. అజాన్ పిలుపు వినగానే అందరూ ఒకేసారి దిగాలి, నమాజవగానే అందరూ ఒకేసారి ఎక్కాలి, అదీ రోజుకి అయిదుసార్లు. పెళ్ళిలో భోజనాలకి పిలిచినా జనం అలా కదలరు. లెక్క కట్టి చూపించాడు. ఆఖరి మనిషి దిగేసరికి గంటకి పైగా పడుతుంది.

"అక్క గంటసేపు కారిడార్‌లో నిలబడితే, ఇక మసీదులో నిలబడటానికి కాళ్ళెక్కడుంటాయి బావా?" అన్నాడు.

రెండో హోటలు పాతది. అయిదంతస్తులు, రెండు లిఫ్టులు, నాలుగొందల యాభై మీటర్ల దూరం. లిఫ్టాయన అక్కడికి నెల రోజుల్లో ఆరుసార్లు ఫోను చేశాడు. లిఫ్టులో ఎంతమంది పడతారు? తలుపు ఎంతసేపు ఆగుతుంది? గుమ్మం దగ్గర ఎత్తుపల్లాలున్నాయా? గది లిఫ్టుకి ఎన్ని అడుగుల దూరం? మంచం ఎంత ఎత్తు? రిసెప్షన్‌లో అతను మొదట విసుక్కున్నాడు, తర్వాత నవ్వాడు, ఆరోసారి ఫోను పట్టుకుని లిఫ్టు దగ్గరికే వెళ్ళి ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టి ఆరు సెకన్లని చెప్పాడు. లిఫ్టాయన మొహం వెలిగిపోయింది. రెండో అంతస్తులో, లిఫ్టు పక్కగది ఖాయం చేశాడు.

"కిటికీ తీస్తే ఏం కనిపిస్తుందట?" అన్నాడు హాజీ బావ మూతి ముడిచి.

"అది అడగలేదు," అన్నాడు లిఫ్టాయన. ఇంకోటి కూడా అడగలేదు. ఆ సంగతి అప్పటికి ఆయనకి తెలియదు.

హోటల్లో దిగిన రోజు పొద్దున్న ఆయన కాళ్ళు నేల మీద ఆనలేదు. బటను నొక్కితే ఇరవై సెకన్లలో లిఫ్టు వచ్చింది. తలుపు ఆరు సెకన్లు కచ్చితంగా ఆగింది. గుమ్మం సమంగా ఉంది. మంచం అక్క మోకాలి ఎత్తుకి సరిగ్గా సరిపోయింది. కిటికీ తీస్తే పక్క బిల్డింగు ఏసీ పెట్టెలు వరసగా కనిపించాయి. అక్క వాటిని కూడా మెచ్చుకుంది.

"బావుందిరా. మనింట్లోంచి వీధిలోకి రావడానికే ఇంతకంటే ఎక్కువసేపు పడుతుంది నాకు," అంది.

స్నానాలు చేసి, ఉమ్రా కోసం సిద్ధమై, ఇద్దరూ కిందికి దిగి గేటు దాటారు. అక్కడ లిఫ్టాయన ఆగిపోయాడు. వీధి కొండ మీంచి దొర్లినట్టు కిందికి జారిపోయి ఉంది. నాలుగొందల యాభై మీటర్లు నిజమే, కాకపోతే అందులో సగం ఏటవాలు. ఇరవై రెండేళ్ళుగా గోడల మధ్య ఎత్తుపల్లాలు చూసే మనిషికి, గోడ బయట నేలకి కూడా ఎత్తుపల్లాలుంటాయన్న ధ్యాసే రాలేదు. లిఫ్టు తలుపు సెకన్లతో సహా అడిగినవాడు, వీధి చదునుగా ఉందా అని ఒక్క మాట అడగలేదు.

అక్క తమ్ముడి భుజం పట్టుకుని ఒక్కో అడుగూ వేసింది. మోకాళ్ళ నొప్పి ఉన్నవాళ్ళకి ఎక్కడం కంటే దిగడమే కష్టం. దిగింది. మసీదు లోపలికి వెళ్ళి, మొదటిసారి కాబాని కళ్ళారా చూసి, నిలబడిపోయింది. ప్రదక్షిణలు, ఆ తర్వాత నడవాల్సిన నడకా అన్నీ మధ్యమధ్య కూర్చుంటూ, లేస్తూ తన కాళ్ళతోనే పూర్తిచేసింది. రాత్రి నమాజు దాకా మసీదులోనే ఉండి, తిరిగి వచ్చేటప్పుడు ఆ ఏటవాలు ఎక్కడానికి మూడు షాపుల మెట్ల మీద కూర్చుంది. గదికి చేరేసరికి మోకాళ్ళు రెండూ వాచిపోయాయి.

మర్నాడు తెల్లవారుజాము నమాజుకి ఎలాగో వెళ్ళొచ్చారు. మధ్యాహ్నానికి అక్క మంచం దిగలేదు. జానమాజు చాప గదిలోనే పరవమంది. కుర్చీ దగ్గరికి లాక్కుంది.

"నువ్వు వెళ్ళిరా. నేనిక్కడ చేసుకుంటాను. ఈ గదిలో కూడా ఆయనే కదా ఉన్నది," అంది తేలిగ్గా.

ఆ తేలిక మాటే లిఫ్టాయన గుండెలో గునపంలా దిగింది. తిట్టినా బావుండేది. ఏడేళ్ళు కూడబెట్టుకుని, లోకంలో ఉన్న ఒక్క కోరికా పట్టుకుని వచ్చిన మనిషి, మసీదుకి నాలుగొందల యాభై మీటర్ల దూరంలో ఏసీ పెట్టెలు చూస్తూ నమాజు చేసుకుంటోంది. అదంతా తన తెలివితేటల చలవే. అదే టైముకి హాజీ బావ ఫోను చేశాడు. హోటలు ఎలా ఉందన్నాడు. బ్రహ్మాండం అన్నాడు లిఫ్టాయన. అబద్ధం ఆడింది ఎక్కడ నిలబడో గుర్తొచ్చి నాలిక కరుచుకున్నాడు.

నమాజవగానే చుట్టుపక్కల హోటళ్ళన్నీ తిరిగాడు. ఒక్క గది ఖాళీ లేదు. తిరిగొచ్చి, చెమటలు కక్కుతూ లిఫ్టు ఎక్కినప్పుడు మీటల వైపు చూశాడు. అది ఎడమవైపు లిఫ్టు. అన్నిటికంటే కింద ఇంకో రెండు మీటలున్నాయి, వాటి పక్కన తాళం రంధ్రం ఉంది. నిన్నట్నుంచీ చూస్తున్నవే, పట్టించుకోలేదు. గేటుండే అంతస్తు కింద ఇంకా రెండంతస్తులున్నాయంటే, బిల్డింగు వెనకవైపు నేల రెండంతస్తులు కిందికి ఉందన్నమాట. అక్కడ సామాను దించే తలుపు ఉండి తీరాలి. ఆ తలుపు తెరుచుకునేది ఏటవాలు కింది వీధిలోకే.

గదిలోకి పరిగెత్తాడు. "అక్కా, లే. దారి దొరికింది."

అక్క గోడ పట్టుకుని లేచింది. లిఫ్టులోకి రాగానే ఆయన జేబులోంచి తాళాల గుత్తి తీశాడు. అన్నం మెతుకు లేకుండా ఊరు దాటతాడేమో గానీ, ఆ గుత్తి లేకుండా గడప దాటడు. మూడో తాళంచెవి ఆ రంధ్రంలో ఇట్టే పట్టింది.

"ఆ తాళం వాళ్ళిచ్చారా?" అంది అక్క.

"లేదు. నాదే. ఇలాంటి లిఫ్టులకి చాలావాటికి ఒకటే పడుతుంది."

"కింద ఏముందో చూడటానికి వాళ్ళు ఒప్పుకున్నారా?"

లిఫ్టాయన మొహం మీటల వైపు తిప్పుకున్నాడు.

"తీసెయ్," అంది. "దొంగదారిన దిగి వెళ్ళి ఆయన ముందు నిలబడితే, ఎలా వచ్చావని అడిగితే ఏం చెప్పను? అడుగు. అడిగితే పోయేదేముంది?"

తాళంచెవి బయటికి తీశాడు. అక్క మళ్ళీ గదిలోకి వెళ్ళి సాయంత్రం నమాజు కూడా కుర్చీలోనే చేసుకుంది. అది రెండోది.

ఆయన బిల్డింగు చుట్టూ తిరిగి వెనక వీధికి వెళ్ళాడు. అనుకున్నది అనుకున్నట్టే ఉంది. చదునైన వీధి, పెద్ద ఇనుప తలుపు, లోపల హోటలు లాండ్రీ. దుప్పట్లు, తువ్వాళ్ళు కొండల్లా పేర్చిన బండ్లు, ఆవిరి, సబ్బు వాసన. అవతలి చివర అదే ఎడమ లిఫ్టు. దాని తలుపు మూసుకోబోయి మళ్ళీ తెరుచుకుంటోంది, మూసుకోబోయి మళ్ళీ తెరుచుకుంటోంది. దాని ముందు లాండ్రీ పెద్ద నడుం మీద చేతులు పెట్టుకుని దాన్ని తిడుతున్నాడు. తిట్లు వినగానే మనవాడేనని తెలిసిపోయింది.

లిఫ్టాయన అడగడానికే వచ్చాడు. నోరు తెరిచాడు కూడా. అలవాటు ఎక్కడికి పోతుంది, నోట్లోంచి వేరే మాట వచ్చింది.

"గుమ్మం గాడిలో నూలు దుమ్ము పేరుకుందండీ. నేను చూడనా?"

లాండ్రీ పెద్ద ఎగాదిగా చూశాడు. లిఫ్టు కంపెనీ మనిషికి ఫోను చేసి స్పీకరు పెట్టాడు. అవతలివాడు రెండు ప్రశ్నలడిగి, జవాబులు వినగానే ఇతను పనివాడేనని పోల్చుకుని, కరెంటు ఆపి గాడి మాత్రం శుభ్రం చెయ్యమన్నాడు. లిఫ్టాయన నేల మీద బోర్లా పడుకుని పాత టూత్‌బ్రష్షూ, స్క్రూడ్రైవరూ పెట్టి గాడి తవ్వాడు. దుప్పట్ల నుంచి, తువ్వాళ్ళ నుంచి రాలిన నూలు సబ్బు తడికి అట్టకట్టి రాయిలా బిగుసుకుపోయింది. పిడికెడు తీసి పక్కన పెట్టాడు. కరెంటు ఇవ్వగానే తలుపు మెత్తగా మూసుకుంది. లోపల పనివాళ్ళంతా ఒక్కసారి హమ్మయ్య అన్నారు.

"మూడు వారాల్నుంచి ప్రాణం తీస్తోంది. ఏం తీసుకుంటావు? టీ తాగుతావా?" అన్నాడు లాండ్రీ పెద్ద.

ఇదే అదును. లిఫ్టాయన చేతులు తుడుచుకున్నాడు. మళ్ళీ తుడుచుకున్నాడు. గొంతు సవరించుకున్నాడు. ఇరవై రెండేళ్ళలో ఏ మోటారు కిందా అంత చెమట పట్టలేదు.

"మా అక్క పైన రెండో అంతస్తులో ఉంది. మోకాళ్ళు పనిచెయ్యవు. ముందు వీధి దిగలేకపోతోంది. ఈ తలుపులోంచి వెళ్ళనిస్తారా?"

"దీనికోసమా బోర్లా పడుకున్నావు?" అని లాండ్రీ పెద్ద పగలబడి నవ్వాడు. "నిన్ననే వచ్చి అడగొచ్చుగా నాయనా. రోజూ ఇన్ని బండ్లు వెళ్తాయి, ఒక్క పెద్దావిడ వెళ్తే ఈ దారి అరిగిపోతుందా? ఉండు, పైన ఆఫీసులో ఒక మాట చెప్పొస్తాను."

మేనేజరు ఒక్కటే షరతు పెట్టాడు, ఆవిడ వెంట హోటలు మనిషి ఉండాలి. సూర్యాస్తమయం నమాజుకి పావుగంట ముందు లాండ్రీ పెద్దే తాళంచెవి పట్టుకుని రెండో అంతస్తుకి వచ్చాడు. అక్క సబ్బు వాసనలోంచి, దుప్పట్ల బండ్ల మధ్యలోంచి, ఆవిరిలోంచి నడిచి చదును వీధిలోకి అడుగుపెట్టింది. ఇంత అందమైన దారి తన జన్మలో చూడలేదని చెప్పింది. ఆ మాట విని లాండ్రీ పెద్ద తన లాండ్రీని ఒకసారి వెనక్కి తిరిగి చూసుకున్నాడు. మధ్యలో ఒక్కసారి కూర్చుని, పది నిమిషాల్లో మసీదుకి చేరారు.

ఆ రోజునుంచి ఒక్క నమాజూ తప్పలేదు. అయిదు పూటలా తలుపు తెరుచుకునేది. ఎవరి షిఫ్టులో వాళ్ళు వచ్చి తాళం తిప్పేవాళ్ళు, అక్క ఒక్కొక్కరి తల మీదా చెయ్యి వేసి వెళ్ళేది. నాలుగో రోజుకి పై అంతస్తు నుంచి ఇద్దరు ముసలమ్మలు ఎడమ లిఫ్టు దగ్గర వరసలో నిలబడ్డారు. ఆరో రోజుకి అయిదుగురయ్యారు. లాండ్రీలో దుప్పట్లకంటే అమ్మమ్మలే ఎక్కువయ్యారని లాండ్రీ పెద్ద వేళాకోళమాడాడు గానీ, వాళ్ళు నడిచే మేరకి బండ్లు పక్కకి జరిపించి, తడి లేకుండా రోజూ తుడిపించాడు. మనుషులు ఇంత మంచివాళ్ళా అని లిఫ్టాయనకి దిగ్భ్రమగా ఉండేది. ఇన్నేళ్ళు ఎవరినీ ఏదీ అడగకుండా బతికి ఎంత పోగొట్టుకున్నాడో తలుచుకుని నవ్వుకున్నాడు.

అయినా ఒక ముల్లు మిగిలిపోయింది. బయల్దేరే రోజు పొద్దున్న సూట్‌కేసు సర్దుతూ దాన్ని బయటపెట్టాడు.

"అక్కా, ఒక మాట. వీధి సంగతి నేను కనుక్కోలేదు. తప్పు నాదే. నీకు రెండు నమాజులు మసీదులో పోయాయి. మిగతావన్నీ అయ్యాయి గానీ, ఆ రెండూ నేను తిరిగి ఇవ్వలేను."

అక్క మంచం అంచున కూర్చుని మోకాలికి కట్టు చుట్టుకుంటోంది. తలెత్తకుండానే మాట్లాడింది.

"ఆ రెండూ పోయాయని ఎవరన్నార్రా నీకు? మసీదులో కూర్చుంటే ఆ కాబాని చూస్తూ నోరు తెరుచుకుని ఉండిపోయేదాన్ని. ఎవరెవరి కోసం ఏమేం అడగాలని ఇంటి దగ్గర్నుంచి మూట కట్టుకొచ్చానో, ఒక్కటి గుర్తొస్తే ఒట్టు. నువ్వు కూడా గుర్తురాలేదు. ఈ గదిలో ఒక్కదాన్నే కూర్చున్నప్పుడు గుర్తొచ్చావు."

కట్టు ముడి వేసి, చేతులు ఒళ్ళో పెట్టుకుంది.

"అమ్మ ఉన్నప్పుడు తలుపు పక్కన పడుకున్నాను. తర్వాత నిన్ను గోడవైపు పడుకోబెట్టి గాలి కొట్టేవైపు నేను పడుకున్నాను. హాస్టల్లో బియ్యం బస్తాల గదిలో పడుకున్నాను. ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడ. నేనెక్కడ పడుకుంటే బావుంటుందని, మంచం ఎంత ఎత్తుంటే నాకు సుఖమని, ఒక మనిషి నెల రోజులు కూర్చుని ఆలోచించడం పుట్టాక ఇదే మొదటిసారి. అంత దూరం ఫోన్లు చేసి నా కోసం అడిగావు. నువ్వు, ఎవరినీ ఏదీ అడగనివాడివి. దానికి అల్లాకి కృతజ్ఞత చెప్పుకోవడానికే ఆ రెండు నమాజులూ చాల్లేదు. ఇక నీ తప్పుల మాట ఎత్తే తీరికెక్కడిది నాకు?"

లిఫ్టాయన అక్క ముందు నేల మీద కూర్చుని, ఆవిడ కట్టిన కట్టు విప్పి, ఇంకాస్త వదులుగా మళ్ళీ కట్టడం మొదలుపెట్టాడు. వద్దని అక్క అనలేదు. కాలు చాపి, తమ్ముడి తల మీద చెయ్యి పెట్టి, అతను కట్టేదాకా కదలకుండా కూర్చుంది.